ఇరవై లక్షల స్కీమ్ ఉంది, పిల్ల ఇరవై వేల దగ్గరే ఆగిపోతోంది

డాలస్‌లో ఉండే నా ఇంటర్ క్లాస్‌మేట్ ఒకరోజు ఫోన్ చేసి "మీ వైపు బాగా చదివే పేదింటి ఆడపిల్ల ఎవరైనా ఉంటే చెప్పవే, ఎంఎస్‌కి తీసుకొద్దాం, డబ్బు గురించి ఆలోచించకు" అంది. మనస్ఫూర్తిగానే అంది, దానికి ఇచ్చే గుణం చిన్నప్పట్నుంచీ ఉంది. కానీ ఆ డబ్బు ఎప్పుడు కావాలి, ఎవరి అకౌంట్లో ఉండాలి, ఏ కాగితం మీద కనపడాలి, తర్వాత అమ్మాయి తిరిగివ్వాలా అక్కర్లేదా, ఇవన్నీ తేల్చుకోకుండా మొదలుపెడితే పిల్ల సగం దారిలో నిలబడిపోతుందని చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది. మనవాళ్లలో చాలామందికి దీని మీద ఒకటే లెక్క, ఫారిన్ చదువంటే పాతిక ముప్పై లక్షలు, అవి ఎవరైనా ఇస్తే పని అయిపోయినట్టే అని. నేను దగ్గరుండి చూసింది వేరు. పెద్ద డబ్బు ఎక్కడో ఒకచోట ఉంది. చిన్న డబ్బు, కావాల్సిన రోజున చేతికి అందేది, అది లేదు.

నేను ఉత్తర తెలంగాణలో ఒక గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు పాఠం చెప్పా. అక్కడ బీఎస్సీ మైక్రోబయాలజీ చదివిన ఒక అమ్మాయి గురించి ఇక్కడ చెప్తా, పేరు చెప్పను. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది, నాన్న గల్ఫ్ వెళ్లి ఆరోగ్యం పాడై తిరిగొచ్చేశాడు. నేను వాళ్లింటికి ఎప్పుడెళ్లినా ఆవిడ ఒళ్లో చాట పెట్టుకుని, నానబెట్టిన తునికాకు కత్తెరతో కోస్తూ, తంబాకు పోసి చుట్టి దారం కడుతూనే మాట్లాడేది, చేతులు ఒక్క నిమిషం ఆగేవి కావు. పిల్ల కూడా పక్కన కూచుని కట్టలు కట్టేది. సెమిస్టర్ పరీక్షల టైమ్‌లో కూడా.

ఫారిన్ చదువుకి గవర్నమెంట్ ఇచ్చే సాయానికి ఆ పిల్ల అర్హురాలే. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకి అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, బీసీలకి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఇంకోటి ఉంది, మైనారిటీలకి సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. మూడింటి రూల్స్ దాదాపు ఒకటే, 20 లక్షల వరకు సాయం, ఒకవైపు విమానం టికెట్, ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు, దాంతోపాటు జీఆర్ఈ లాంటి పరీక్షా ఇంగ్లీష్ టెస్టూ. అమెరికా, యూకే, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్, జర్మనీ, న్యూజిలాండ్, జపాన్, ఫ్రాన్స్, దక్షిణ కొరియా, వీటిలో ఎక్కడైనా పర్లేదు. వినడానికి ఎంత బాగుందో కదా. నిజంగా మంచి స్కీమే, దానివల్ల వెళ్లి నిలబడ్డ పిల్లలు చాలామంది ఉన్నారు, నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడట్లేదు.

కానీ అప్లికేషన్‌తో పాటు ఏమడుగుతారో చూడండి. పాస్‌పోర్ట్, జీఆర్ఈ స్కోర్, టోఫెలో ఐఈఎల్‌టీఎసో ఒక ఇంగ్లీష్ టెస్ట్ స్కోర్, ఫారిన్ యూనివర్సిటీ ఇచ్చిన అడ్మిషన్ లెటర్. అంటే ఇవన్నీ చేతిలో పట్టుకుని వచ్చిన పిల్లకే ఆ ఇరవై లక్షలు. అవి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు ఎవరి ఖాతాలోనూ లేదు. మేము ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాం, పాస్‌పోర్ట్ 1,500, జీఆర్ఈ దాదాపు 22 వేలు, ఐఈఎల్‌టీఎస్ దాదాపు 18 వేలు, ఒక్కో యూనివర్సిటీ అప్లికేషన్‌కి 50 నుంచి 100 డాలర్లు, అలాంటివి ఐదైనా వెయ్యాలి, మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్‌లకి చలానాలు, కొరియర్, హైదరాబాద్ తిరుగుడు బస్సు చార్జీలు, ఆ తర్వాత అమెరికా అయితే సెవిస్ (ఫారిన్ స్టూడెంట్ల రికార్డు) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. మొత్తం కూడితే లక్షా పాతిక నుంచి లక్షన్నర మధ్య తేలింది. ఆ ఇంట్లో బీడీల మీద నెలకి వచ్చేది నాలుగైదు వేలు. ఇందులో మొదటి మెట్టు జీఆర్ఈ, 22 వేలు, అది కూడా ఒక్కసారిగా, కార్డుతో, ఆన్‌లైన్లో. ఇంట్లో కార్డు ఎవరికుంది?

జీఆర్ఈ స్లాట్ నేను నా కార్డుతో బుక్ చేశా. ఆ రోజు పిల్ల ముఖం చూస్తే సంతోషం కాదు, భయం కనపడింది. "మేడం, స్కోర్ రాకపోతే మీ పైసలు..." అంటూ ఆగిపోయింది. చేతిలో డబ్బున్న ఇంటి పిల్ల ఒకసారి స్కోర్ రాకపోతే రెండోసారి రాస్తుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు కూడా, ఈ పిల్లకి మాత్రం ఒకే ఛాన్స్ అనే బరువు తలమీద పెట్టి పరీక్ష రాయమంటున్నాం. అందుకే ఎవరైనా సాయం చేద్దామనుకుంటే నా మొదటి మాట ఇదే, రెండో అటెంప్ట్ డబ్బు కూడా పక్కన పెట్టి, ఆ సంగతి పిల్లకి ముందే చెప్పండి. చెప్తేనే మొదటి అటెంప్ట్ సరిగ్గా రాస్తుంది.

ఇంకో చిక్కు, దీన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. పేదింటి ఆడపిల్లలు ఎక్కువగా చదివేది బీటెక్ కాదు, ఊరికి దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీలో బీఎస్సీ, బీకాం, బీఏ. మూడేళ్ల డిగ్రీ. అమెరికాలో చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి, మన పన్నెండూ మూడూ కలిపితే పదిహేనే. కొన్నిచోట్ల తీసుకుంటారు, చాలాచోట్ల తీసుకోరు. యూకేలో మూడేళ్ల డిగ్రీతో మాస్టర్స్‌కి ఇబ్బంది లేదు, జర్మనీలో కోర్సుని బట్టి, క్రెడిట్లని బట్టి చూస్తారు. అందుకని మా అమ్మాయి ముందు ఇక్కడ ఎమ్మెస్సీ చెయ్యాల్సొచ్చింది. రెండేళ్లు ఎక్స్‌ట్రా. అబ్బాయికైతే రెండేళ్లంటే రెండేళ్లే, ఆడపిల్లకి ఆ రెండేళ్లలో నాలుగు సంబంధాలొస్తాయి. వచ్చాయి కూడా. వాళ్లమ్మ ఒకరోజు చాట పక్కన పెట్టి (ఆవిడ చాట పక్కన పెట్టడం నేను చూసింది అదొక్కసారే) "మేడం, బీడీల పీఎఫ్ పైసలు దీని లగ్గానికని దాసిన, సదువుకు తీస్తే రేపు లగ్గం ఎట్ల చెయ్యాలె" అని అడిగింది. దానికి నా దగ్గర సమాధానం లేదు. పీఎఫ్ ముట్టుకోవద్దు అని మాత్రం చెప్పా. ఇప్పటికీ అది సరైన మాటే అనుకుంటున్నా, ఎందుకంటే తల్లి చేతిలో ఆ ఆసరా పోతే కూతురు అక్కడ ఒక్క నెల తడబడినా ఇంట్లో అందరూ పిల్లని వెనక్కి రమ్మంటారు.

ఇంట్లో ఇంకో మాట కూడా నడిచింది. స్టేట్ స్కీమ్ ఇంటికి ఒక్కరికే. తమ్ముడు అప్పుడు బీటెక్ మొదటి ఏడు. మేనమామ వచ్చి "ఆడపిల్ల ఎట్లనన్న పెళ్లి చేసుకొని పోతది, ఆ స్కీమ్ పోరనికి ఉంచుర్రి" అన్నాడు. ఈ రూల్ పెట్టినవాళ్లు ఎక్కువ కుటుంబాలకి అందాలనే పెట్టి ఉంటారు, కానీ కొడుకూ కూతురూ ఉన్న ఇంట్లో ఆ ఒక్కరు ఎవరనేది ఎట్లా తేలుతుందో మనకి తెలీదా? ఇక్కడ నాన్న గట్టిగా నిలబడ్డాడు. మంచం మీద నుంచే "ముందు ఎవరికి సీటొస్తే వాళ్లకే" అన్నాడు, మాట అక్కడితో ఆగింది. ఆయన ఆ ఒక్క మాట అనకపోయుంటే మిగతా కథ లేదు.

ఇక కాగితాలు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఇంటిపేరు బదులు ఒక్క ఇనీషియల్, నాన్న పేరు గల్ఫ్ పాస్‌పోర్ట్‌లో ఒక స్పెల్లింగ్, పిల్ల మెమోలో ఇంకో స్పెల్లింగ్. ఇది మన తెలుగు పేర్లతో వచ్చే పాత తలనొప్పే కానీ ఇక్కడ డబ్బు పోగొడుతుంది, ఎందుకంటే జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి, తేడా ఉంటే సెంటర్ దగ్గర లోపలికి పంపరు, కట్టిన ఫీజు రాదు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో పేరు ముందు 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, అంటే అసలు పేరు తెలీదు అని, ఇక బ్యాంకు అకౌంట్ నుంచి డ్రైవింగ్ లైసెన్స్ దాకా ప్రతిచోటా ఆ మూడక్షరాలు వెంటపడతాయి. కాబట్టి అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన సాయం, ఖర్చు లేని సాయం, పదో తరగతి మెమో పక్కన పెట్టుకుని పాస్‌పోర్ట్ ఫారం నింపేటప్పుడు పిల్ల పక్కన కూచోవడం. మాకు అది తెలియక నాన్న పేరు సరిచేయించుకోవడానికే రెండు నెలలు పోయాయి.

ఇంకో రెండు నెలలు ఎక్కడ పోయాయంటే, ఎమ్మెస్సీ చదివిన ప్రైవేట్ కాలేజీలో. ఫీజు రీయింబర్స్‌మెంట్ గవర్నమెంట్ నుంచి రాలేదు, బకాయి కడితేనే ఒరిజినల్స్ ఇస్తాం అన్నారు. పిల్ల తప్పు ఏమీ లేదు, కాలేజీకి జీతాలివ్వడానికి డబ్బు లేదు, అదీ నిజమే, కానీ మధ్యలో నలిగింది పిల్ల. నేనూ ఇంకో లెక్చరరూ వెళ్లి కూచుంటే, రీయింబర్స్‌మెంట్ వచ్చాక మాకు వెనక్కివ్వాలని రాయించుకుని మేమే కట్టాం, అప్పుడు కదిలాయి కాగితాలు. తెలంగాణలో ఇది ఇంటింటి కథ. ఫారిన్ వెళ్లే పిల్లకి డెడ్‌లైన్ ఉంటుంది కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికొద్దాం. అమెరికా యూనివర్సిటీ అడ్మిషన్ ఇచ్చాక, మొదటి ఏడాది ఫీజూ ఖర్చులూ కలిపి ఇన్ని వేల డాలర్లు అవుతుంది, అంత డబ్బు ఉన్నట్టు చూపించు అంటుంది. చూపిస్తేనే ఐ-20 అనే కాగితం. ఐ-20 ఉంటేనే వీసా ఇంటర్వ్యూ. ఇక మన స్కీమ్‌లో డబ్బు రెండు విడతలు, మొదటి సగం అక్కడ దిగాక, దిగినట్టు ఐ-94 కాగితం పంపిస్తే, రెండో సగం మొదటి సెమిస్టర్ రిజల్ట్ చూపిస్తే. అర్థమైందా? డబ్బు చూపిస్తే గానీ వెళ్లలేదు, వెళ్తే గానీ డబ్బు రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అంటారే, అచ్చం అదే. పైగా సెలక్షన్ లిస్ట్ వచ్చేసరికి సెమిస్టర్ మొదలైపోయి ఉంటుంది, చాలామంది ముందు అప్పో సప్పో చేసి వెళ్లిపోయి అక్కడ్నుంచి లిస్టులో పేరు చూసుకుంటారు. చేతిలో ముందే డబ్బున్నవాడికి ఈ స్కీమ్ చక్కగా పనిచేస్తుంది, ఏమీ లేని పిల్లకి అంత సులువుగా అందదు, నాకు బాధ కలిగించేది ఇదే.

ఆ స్కీమ్ ఎవరి పేరు మీద ఉందో ఆయన కూడా ఇదే గోతిలో పడ్డారు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకి పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకి స్కాలర్‌షిప్ ఇస్తే అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. తర్వాత లండన్‌లో చదువుతుండగా గడువు అయిపోయింది, 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చేశారు. మళ్లీ వెళ్లడానికి మూడేళ్లు పట్టింది, 1920లో తను కూడబెట్టుకున్నది, కొల్హాపూర్ సాహూ మహారాజ్ చేసిన సాయం, నవల్ భతేనా అనే స్నేహితుడి దగ్గర తీసుకున్న అప్పు, ఇవన్నీ కలిపితే ప్రయాణం సాగింది. అంబేడ్కర్ అంతటివాడికే మధ్యలో డబ్బు ఆగితే మూడేళ్లు పోయాయి. మరి బీడీలు చుట్టే ఇంటి పిల్లకి?

బ్యాంకు లోన్ తీసుకోవచ్చు కదా అంటారు. మామూలుగా బ్యాంకులు ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా చదువు లోన్ ఇస్తాయి, అది దాటితే స్థిరాస్తి కాగితాలు కావాలి. వీళ్ల ఇల్లు గ్రామకంఠంలో ఉంది, తాతల నాటి నుంచి ఉంటున్నారు, రిజిస్టర్డ్ డాక్యుమెంట్ లేదు, బ్యాంకు దృష్టిలో ఆ ఇల్లు లేనట్టే. తాకట్టు లేకుండా ఎక్కువ ఇచ్చే ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీలున్నాయి, కానీ వాళ్లకి ఐటీ రిటర్న్స్ ఉన్న కో-అప్లికెంట్ కావాలి, వడ్డీ ఎక్కువ, చాలా చోట్ల చదువుతుండగానే నెలనెలా వడ్డీ కట్టమంటారు. మైనారిటీ పిల్లలకి లోన్ మీద వడ్డీ మాఫీ చేసే పఢో పర్‌దేశ్ అనే సెంట్రల్ స్కీమ్ ఉండేది, 2022-23 నుంచి ఆపేశారు.

ఈ సందులోనే కొందరు ఏజెంట్లు దూరతారు. "బ్యాంక్ బ్యాలెన్స్ మేం చూపిస్తాం, కమీషన్ ఇవ్వండి చాలు" అని. ఊళ్లల్లో ఇది మామూలు విషయంలా మాట్లాడుకుంటారు. దయచేసి ఏ ఆడపిల్లనీ ఆ దారిలో పంపకండి. వీసా ఆఫీసర్ "ఈ అకౌంట్ ఎవరిది, ఆయన నీకేమవుతాడు" అని ఒక్క ప్రశ్న అడిగితే పిల్ల అబద్ధం ఆడాలి, ఆ అబద్ధం పట్టుబడితే అమెరికా దారి దాదాపు శాశ్వతంగా మూసుకుపోతుంది. ఒకవేళ దాటినా, అక్కడ దిగేసరికి ఆ డబ్బు నిజంగా లేదు కదా, రెండో నెల అద్దె ఎక్కడ్నుంచి కడుతుంది?

సాయం చేసేవాళ్లకి ఇక్కడే నిజమైన పని ఉంది. ఆ మధ్య గ్యాప్‌లో నిలబడటం. కానీ మీ డబ్బుకి ప్రతి దేశంలో ఒకే విలువ ఉండదు. అమెరికాకి స్పాన్సర్ ఎవరైనా కావచ్చు, బంధువే కానక్కర్లేదు, మీ బ్యాంక్ స్టేట్‌మెంట్, స్పాన్సర్ లెటర్ ఇస్తే యూనివర్సిటీ ఐ-20 ఇస్తుంది, వీసా దగ్గర మాత్రం ఎందుకిస్తున్నారు అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. యూకేకి అలా కుదరదు, డబ్బు పిల్ల అకౌంట్లోనో అమ్మానాన్నల అకౌంట్లోనో వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి, మేనమామ స్టేట్‌మెంట్ కూడా చెల్లదు, మీది అసలే చెల్లదు. ఫీజు కాక ఖర్చులకి లండన్ అయితే నెలకి 1,529 పౌండ్లు, బయటైతే 1,171, తొమ్మిది నెలలకి చూపించాలి, దాని మీద ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ వీసాతోపాటే కట్టాలి.

జర్మనీ లెక్క ఇంకోలా ఉంటుంది. ఎక్కువ గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు (బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు), కానీ పిల్ల పేరు మీద బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు ముందే వెయ్యాలి. ఇది చూసి చాలామంది బెదిరిపోతారు కానీ ఆ డబ్బు ఎక్కడికీ పోదు, నెలకి 992 యూరోల చొప్పున పిల్లకే వస్తుంది, అద్దెకీ తిండికీ అదే. అంటే ఒక ఏడాది ఖర్చు ముందే డబ్బాలో పెట్టి తాళం వేసినట్టు. నలుగురు కలిసి వేస్తే పిల్ల అక్కడ మొదటి ఏడాది ఎవర్నీ చెయ్యి చాపి అడగక్కర్లేదు, నాకు ఈ పద్ధతి నచ్చడానికి కారణం అదే. ఏపీఎస్ సర్టిఫికెట్ అని ఇంకోటుంది, 18 వేలు, మన సర్టిఫికెట్లు అసలైనవేనా అని చూడటానికి టైమ్ తీసుకుంటారు, దానికి ముందే అప్లై చెయ్యాలి.

అన్నిటికన్నా మంచి దారి ఫుల్ స్కాలర్‌షిప్పే. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్‌కి ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు, ఉద్యోగ అనుభవం తప్పనిసరి కాదు. బ్రిటన్ ఇచ్చే కామన్‌వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ అయితే సొంతంగా చదివే స్తోమత లేనివాళ్ల కోసమే పెట్టింది. చెవెనింగ్‌కి రెండేళ్ల పని అనుభవం కావాలి. ఎస్సీ పిల్లలకీ ఇంకొన్ని వర్గాలకీ కలిపి సెంట్రల్ గవర్నమెంట్ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, 1954 నుంచి నడుస్తోంది, దేశం మొత్తానికి 125 సీట్లు, అందులో 30 శాతం అమ్మాయిలకి, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500 యూనివర్సిటీల్లో సీటు ఉండాలి. అందులో కూడా 2025లో 106 మందిని సెలక్ట్ చేసి మొదట 40 మందికే లెటర్లిచ్చారు, మిగతావాళ్లకి నిధుల్ని బట్టి ఇస్తామన్నారు. సీటొచ్చి, లిస్టులో పేరొచ్చి, విమానం ఎక్కాల్సిన నెలలో ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆంధ్రలో అయితే ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ స్కీమ్ పేరూ రూల్సూ మారుతున్నాయి, 2022లో పెద్ద ర్యాంకు యూనివర్సిటీలకే అని పెట్టాక మామూలు కాలేజీ పిల్లకి అది దూరమైపోయింది. కాబట్టి ఒక్క స్కీమ్‌నే నమ్ముకోవద్దు.

ఇలాంటి వాటికి ఎస్ఓపీ, అంటే ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్తూ రాసే వ్యాసం, బాగుండాలి. మా అమ్మాయి మొదట రాసింది ఎక్కడో చూసి దించిన మాటలు, చిన్నప్పట్నుంచి సైన్స్ అంటే ఇష్టం, ప్రపంచానికి సేవ చేస్తా అని. చదివి పక్కన పెట్టి "ఫంగస్ మీదే ఎందుకు చదవాలనుకున్నావ్" అని అడిగా. కాసేపు ఆలోచించి చెప్పింది, వానాకాలం తునికాకుకి బూజు పడుతుంది, ఆ ఆకుతో చుట్టిన బీడీలు కార్ఖానాలో పక్కన పడేస్తారు, ఆ రోజు కూలి పోతుంది, అందుకని వాళ్లమ్మ ఆకుని వాసన చూసి ఏది పాడవబోతోందో ఒక రోజు ముందే చెప్తుందట. అమ్మకి అది ఎలా తెలుస్తుందో అర్థంకాక బీఎస్సీలో మైక్రోస్కోప్ కింద ఆ ఆకు పెట్టి చూసిందట. నేను క్లాసులో ఉండగానే, నాకే తెలీదు. అది రాయమన్నా. "అమ్మ బీడీలు చుడుతుందని రాస్తే తక్కువగా చూడరా మేడం" అంది. రాసింది చివరికి. ఐదు అప్లికేషన్లలో మూడు అడ్మిషన్లొచ్చాయి, అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ ఫీజు కూడా తగ్గించింది. ఎరాస్మస్ రాలేదు, వెయిటింగ్ లిస్ట్ దాకా వెళ్లి ఆగింది.

డబ్బు ఎలా సర్దామో చెప్తా, ఎవరికైనా పనికొస్తుందని. డాలస్ ఫ్రెండ్ స్పాన్సర్ లెటరూ బ్యాంక్ స్టేట్‌మెంటూ ఇచ్చింది. మొదటి సెమిస్టర్ ఫీజూ మొదటి రెండు నెలల ఖర్చూ నలుగురం కలిసి అప్పుగా ఇచ్చాం, వడ్డీ లేదు, స్కీమ్ మొదటి విడత వచ్చాక తిరిగివ్వాలి, రాకపోతే ఉద్యోగం వచ్చాక, ఉద్యోగమూ రాకపోతే అడగం, ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి వాళ్ల నాన్న ముందు చదివి వినిపించాం. గిఫ్ట్‌గానే ఇవ్వొచ్చు కదా అని మాలో ఒకరన్నారు. పిల్లే వద్దంది. అప్పైతే తల ఎత్తుకుని మాట్లాడొచ్చు అంది, ఆ మాట సబబే అనిపించింది. టాక్స్ పరంగా కూడా ఒక సంగతి ఉంది, బంధువులు కానివాళ్లు ఏడాదిలో 50,000 దాటి ఇస్తే ఆ మొత్తమంతా తీసుకున్నవాళ్ల ఆదాయం కింద లెక్క, పెళ్లి కానుకకి ఈ రూల్ లేదు, చదువుకిస్తే ఉంది. వేరే ఆదాయం లేని పిల్లకి టాక్స్ పడకపోవచ్చు కానీ రిటర్న్ వేస్తే అందులో చూపించాలి. అప్పుకి ఆ ఇబ్బంది లేదు, కాకపోతే 20,000 నుంచి పైన క్యాష్‌లో ఇవ్వకూడదు, బ్యాంకు ద్వారానే.

ఒక్కటి మాత్రం గట్టిగా అడుగుతున్నా, ఫ్లెక్సీలు కట్టి, చెక్కు పట్టుకుని పిల్లని పక్కన నిలబెట్టి ఫోటోలు దిగకండి. ఊళ్లో ఆ ఫోటో చూసినవాళ్లు పదేళ్ల తర్వాత కూడా పిల్లని దానితోనే గుర్తుపెట్టుకుంటారు. సంబంధాల దగ్గర కూడా ఆ మాటొస్తుంది.

పంపించేశాక పని అయిపోయిందనుకుంటాం. 1883లో మహారాష్ట్ర అమ్మాయి ఆనందీబాయి జోషి డాక్టర్ చదువుకి అమెరికా వెళ్లింది, పద్దెనిమిదేళ్లు, నగలు అమ్ముకుంది, వైస్రాయ్ కూడా 200 రూపాయల చందా ఇచ్చాడు. కానీ ఆ పిల్లని నిలబెట్టింది చందాలు కాదు, న్యూజెర్సీలో ఉండే కార్పెంటర్ అనే ఒక గృహిణి. డెంటిస్ట్ దగ్గర కూచుని ఏదో పత్రిక తిరగేస్తూ ఈ అమ్మాయి సంగతి చదివి, ఉత్తరం రాసి, మూడేళ్లు రాస్తూనే ఉండి, ఓడ దిగగానే వెళ్లి ఇంటికి తీసుకెళ్లింది. 1886లో ఆనందీబాయి డాక్టరయింది, జబ్బుతో తిరిగొచ్చి మరుసటి ఏడాదే చనిపోయింది, ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. చలీ తిండీ ఒంటరితనం ఒంటిని ఎంత తినేస్తాయో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి.

మా అమ్మాయికి ఆ మనిషి డాలస్ ఫ్రెండే అయింది. ఉండే ఊరు వేరే స్టేట్ అయినా రోజూ ఒక మెసేజ్, వారానికి ఒక వీడియో కాల్. రెండో నెలలో ఒక తెలుగు కుటుంబం "మా పాపని సాయంత్రాలు చూసుకో, క్యాష్ ఇస్తాం" అని అడిగారట. వాళ్లు మంచివాళ్లే, పిల్లకి డబ్బు అవసరమే, కానీ ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద క్యాంపస్ బయట అలా పనిచేయడం చట్టానికి విరుద్ధం, పట్టుబడితే స్టేటస్ పోతుంది. ఆ రాత్రి రెండింటికి ఫ్రెండ్‌కి ఫోన్ చేసి ఏడ్చిందట, అమ్మకి నెలకి రెండు వేలైనా పంపాలని. "ఆ రెండు వేలు నేను వేస్తా, నువ్వు క్యాంపస్‌లో ఉద్యోగం చూసుకో" అని చెప్పి అది నిజంగానే వేసింది, నాలుగు నెలలు, క్యాంపస్ డైనింగ్ హాల్‌లో వారానికి ఇరవై గంటల లోపు పని దొరికేదాకా. మొత్తం ఎనిమిది వేలు. ఈ కథ మొత్తంలో ఏ రూపాయి ఎక్కువ పనిచేసిందంటే నేను ఆ ఎనిమిది వేలే అంటా.

ముందు ముందు ఎలా ఉంటుందో భయం లేకపోలేదు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు, రెండేళ్లు ఉద్యోగం చేసి అప్పు తీర్చేస్తుంది అనే పాత లెక్క ఇప్పుడు ఎవరికీ వెయ్యలేం. అందుకే ఇప్పుడు నన్ను అడిగేవాళ్లకి ముందు ఫుల్ స్కాలర్‌షిప్, తర్వాత జర్మనీ, ఆ తర్వాతే అమెరికా అని చెప్తున్నా. అప్పు ఎంత తక్కువైతే పిల్లకి అంత ఊపిరి.

అక్కడ దిగిన రోజే ఐ-94 డౌన్‌లోడ్ చేసి పంపించింది. లిస్టులో పేరు నవంబర్‌లో వచ్చింది, మొదటి విడత ఫిబ్రవరిలో పడింది, పడిన రోజే మా నలుగురి అకౌంట్లకీ డబ్బు వేసింది, ఇంకా రెండో సెమిస్టర్ ఫీజు కట్టాలి కదా ఆగు అన్నా వినలేదు, చివరికి సగమే తీసుకున్నాం. విమానం టికెట్‌కీ స్వెటర్లకీ అని వాళ్లమ్మ చేతి గాజులు బ్యాంకులో కుదువ పెట్టింది, అది మాకు చెప్పనే లేదు, మొన్న ఇంటికెళ్లినప్పుడు ఖాళీ చేతులు చూసి నేనే అడిగా. మొదటి సెమిస్టర్ రిజల్ట్ ఎప్పుడో అప్‌లోడ్ చేశారు, రెండో విడత ఇంకా రాలేదు. "అది పడ్డంక విడిపిస్త మేడం, అప్పటిదాక వడ్డీ కడుతున్న" అంది, చాట ఒళ్లోకి లాక్కుంటూ.